మందున్న రోగం

"ఆ తాడు ఇటియ్యి" అంది ఎలీసమ్మ.

రెబ్కా ఇవ్వలేదు. తాడు రెండు చేతులా పట్టుకుని వసారా గుంజకు ఆనుకుని నిలబడింది. అత్తాకోడళ్ళ మధ్య రేకుపెట్టె ఉంది. దాని గొళ్ళెం ఊడి ఏళ్ళయింది. తాడు బిగించకపోతే మూత నిలవదు.

"ఈ వయసులో పెట్టె కట్టుకుని కూతురింటికి పోతే ఊరు ఏమనుకుంటుంది అత్తయ్యా?"

"ఊరు అనాల్సిందంతా అనేసిందిగా. ఇంకా మిగిల్చిందేముంది?"

అదీ నిజమే. పోయిన వారం గుంటూరు ఆసుపత్రి వరండాలో జనం కిక్కిరిసి ఉండగా, రక్తపరీక్షల గదిలోంచి ఒక మనిషి బయటికొచ్చి, "సవాయి రోగం పరీక్షకి రక్తం ఇవ్వాల్సిన మరియదాసు ఎవరండీ?" అని కేకేశాడు. చెడు తిరుగుళ్ళ వల్ల అంటుకునే ఆ సుఖవ్యాధి పేరు విన్న జనంలో ఈ ఊరివాళ్ళూ ఉన్నారు. మిషను బడి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, సంఘ పెద్ద, ఎలీసమ్మ భర్త మరియదాసు మాష్టారు చేతికి దూది అంటించుకుని ఊళ్ళో బస్సు దిగేసరికి, ఆ కబురు ఆయనకంటే ముందు బస్సులోనే దిగి ఇల్లిల్లూ తిరిగింది.

కుండకు మూత పెట్టగలం గానీ లోకుల నోటికి పెట్టలేం. ఆదివారం పొద్దున పాస్టరు గారు గుమ్మంలోనే నిలబడి, మాష్టారికి ఒంట్లో నలతగా ఉందని విన్నాననీ, ఈసారికి ప్రభువు బల్ల దగ్గర రొట్టెల పళ్ళెం ఇంకో పెద్ద పట్టుకుంటాడనీ చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. నలతట! ఎంత మర్యాదైన మాట!

"తాడు లేకపోతే పోనీ. మూటే కట్టుకుంటా" అని ఎలీసమ్మ పెట్టెలోంచి చీరలు బయటికి లాగింది.

"నా మాట ఒక్కటి వినండి అత్తయ్యా. ఆ పరీక్ష ఎందుకు రాశారో..."

"వినను. షుగరు పరీక్షన్నారు. నా ఎదురుగా, నా మొహం చూస్తా అన్నారు. ఏమీ లేనిదానికి దాచిపెట్టటం దేనికి?"

రెబ్కా ఊళ్ళో ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ పరీక్ష ఎందుకో ఆమెకు తెలుసు, చెప్పాలనే అనుకుంది. "ఆ పేరు అమ్మ దగ్గర ఎత్తమాక, షుగరని చెబుదాం" అన్నది ఆమె మొగుడు ఇమ్మానియేలు. తల్లికి జడిసి అబద్ధమాడినవాడు ఇప్పుడు తల్లికి జడిసే పొలం గట్టున తిరుగుతున్నాడు. నిందలు మోయడానికి ఇంట్లో పెళ్ళాం ఉందిగా!

"నాకు తెల్వదనుకుంటున్నారు మీరంతా. నాకు క్రిస్మస్ అప్పుడే తెలిసింది" అంది ఎలీసమ్మ.

"ఏం తెలిసింది?"

ఎలీసమ్మ చీరల మీద చీరలు పెట్టింది.

ఆమెకు తెలిసింది ఇది. ఆ ఇంట్లో పొద్దుగుంకగానే కుటుంబ ప్రార్థన జరుగుతుంది. మరియదాసు కళ్ళు మూసుకుని, వానల కోసం, ఊళ్ళో రోగుల కోసం, విధవరాళ్ళ కోసం ప్రార్థించి, చివర ఇంటివాళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఎత్తి దేవుడికి అప్పజెబుతాడు. పెళ్ళయి కాపరానికి వచ్చిన సాయంత్రం నుంచీ ఆ వరసలో మొదటి పేరు ఆమెదే. 'నా భార్య ఎలీసమ్మను' అన్న తర్వాతే పిల్లలైనా, మనవలైనా. ఆయన ఎన్నడూ ఆమెను సినిమాకు తీసుకెళ్ళింది లేదు, పువ్వు కొని తెచ్చింది లేదు. రోజుకొకసారి దేవుడి ముందు ఆమె పేరు పలికేవాడు. దాంతోనే ఆమె బతికింది.

మొన్న క్రిస్మస్ వెళ్ళాక ఆ పేరు వరస నుంచి జారిపోయింది. కొడుకు ఉన్నాడు, కూతురు ఉంది, వాళ్ళ కుటుంబాలు ఉన్నాయి. ఆమె లేదు. మొదటి రోజు పొరపాటనుకుంది. తర్వాత తన వల్ల ఏం తప్పు జరిగిందా అని వెతుక్కుంది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రోజూ తల వంచుకుని ఆ పేరు కోసం చెవులప్పగించి కూర్చోవడం, ఆమేన్ అని లేవడం. అంతలో ఈ పరీక్ష వచ్చిపడింది. ఇంకేముంది, లెక్క తేలిపోయింది ఆమెకు. ఎప్పుడో ఎక్కడో తప్పు చేసిన మనిషి, ఆ పాపం ఒంట్లో ముదిరాక, పెళ్ళాం పేరు దేవుడి ముందు ఏ మొహంతో ఎత్తుతాడు?

ఆ రోజు నుంచీ ప్రార్థనవేళ ఆమె వంటింట్లోంచి కదల్లేదు.

"ఏం, ఇంకా పెట్టె కట్టలేదా?" అంటూ సంతోషకుమారి వచ్చింది. ఎలీసమ్మ కూతురు. సింగరాయకొండలో టీచరు. అమ్మను తీసుకుపోవడానికి నిన్ననే దిగింది. "రెబ్కా, అమ్మని ఆపటానికి నీకు నోరెట్టా వస్తందే? నాన్నని ఈ గతికి తెచ్చింది నువ్వు కాదూ?"

"నేనేం చేశాను వదినా?"

"నువ్వు తెచ్చిన సత్తు కుక్కరు! సత్తు గిన్నెల్లో వండి తింటే బుర్ర పాడైపోతదని వారపత్రికలో వేశారు. మా అమ్మ మట్టికుండలో కూర వండినన్నాళ్ళూ మా నాన్న బుర్ర బంగారంలా ఉంది."

"మీ తమ్ముడేమో పురుగుమందంటున్నారు. రిటైరయ్యాక మామయ్య గారు ఊరికే ఉండలేక పత్తి చేలో డబ్బా వీపునేసుకుని కొట్టారు కదా, అదే తలకెక్కిందంటున్నారు. పాస్టరు గారి భార్యేమో దేవుడు పెట్టిన శోధన అంటారు. అత్తయ్య పాపం అంటున్నారు. నా కుక్కరొక్కటే మిగిలిందా?"

ఇంట్లో మనిషికి జబ్బొస్తే ముందు మందు వెతుక్కోవాలి. ఈ ఇంట్లో అందరూ ముద్దాయిని వెతుకుతున్నారు.

అప్పుడే పెరటి గుమ్మంలోంచి మరియదాసు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దాని గుండీలు ఒకటి తప్పించి ఒకటి. రెండు చేతుల నిండా ఎర్రటి మిరపకాయలు. వాటిని తెచ్చి వసారాలో గుమ్మరించి మళ్ళీ వెనక్కి వెళ్ళబోయాడు.

ఎలీసమ్మ పెరట్లోకి తొంగి చూసింది. పొద్దుటినుంచీ తను ఎండలో కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరి ఒక కుప్ప, మంచికాయలు ఒక కుప్ప పోసింది. ఇప్పుడక్కడ ఒకటే కుప్ప ఉంది.

"చూశావా? చూశావా సంతోషం? నేను పోతన్నానని కసి! నేను ఏరిందంతా కలిపి పారేశాడు!"

"చెయ్యి తిరగని పిల్లలమ్మా, కుప్పలు విడదీస్తారు. నేను సర్దాను" అన్నాడు మరియదాసు నెమ్మదిగా. తర్వాత రెబ్కా వైపు తిరిగి, "నర్సమ్మ గారూ, బడి గంట కొట్టారా?" అని అడిగాడు.

"కొట్టారు మామయ్య గారూ. పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. మీరు కూర్చోండి."

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. సంతోషకుమారి తండ్రి మొహంలోకి వంగి చూసింది. నాన్న మరిచిపోతున్నాడని ఉత్తరాల్లో రాస్తే, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోతున్నాడనుకుంది ఆమె.

రెబ్కా తాడు తెచ్చి అత్తగారి ఒళ్ళో వేసింది.

"రేపు రిపోర్టు ఇస్తారు. మీరు కూడా రండి. డాక్టరు గారి నోటి నుంచే వినండి. ఆయనది తప్పని తేలితే పెట్టె నేనే కట్టి బస్సెక్కిస్తాను. మళ్ళీ చెప్తన్నా, నేనే."

ఎలీసమ్మ ఒళ్ళోని తాడును చేతికి చుట్టుకుంది.

"వస్తా. ఆ మాట నా చెవులతో వినే పోతా" అంది చివరికి.

*

డాక్టరు వెంకటనారాయణకు యాభై దాటాయి. బల్ల అవతల అలిసిపోయి కూర్చున్నాడు. ఇమ్మానియేలు తలుపు దగ్గర నిలబడ్డాడు. రెబ్కా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి వెనక నిలుచుంది. మాష్టారిని చూసుకోమని సంతోషకుమారిని ఇంటి దగ్గరే వదిలి వచ్చారు.

"రక్తంలో ఏ దోషమూ లేదమ్మా. మీరు భయపడిన రోగం ఆయనకి లేదు, ఎప్పుడూ వచ్చినట్టు కూడా లేదు."

"దేవునికి స్తోత్రం" అన్నాడు ఇమ్మానియేలు. వారం రోజుల తర్వాత మొదటిసారి తల ఎత్తి తల్లి వైపు చూశాడు.

ఎలీసమ్మ కదల్లేదు. "లేకపోతే ఆ పరీక్ష ఎందుకు రాశారండీ? పెద్దమనిషి పరువు బజారున పడింది."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మా వాడు అలా కేకేశాడని ఈ అమ్మాయి చెప్పింది. తప్పేనమ్మా. కానీ పరీక్ష రాయడం తప్పు కాదు. మనిషికి ఇలా మతిమరుపు ముదరడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో మందున్నవి తక్కువ. గొంతు దగ్గర గ్రంథి సరిగ్గా పనిచెయ్యకపోయినా వస్తుంది, ఒంట్లో బలం చాలకపోయినా వస్తుంది, ఎప్పటిదో సవాయి తలకెక్కినా వస్తుంది. మందున్న వాటినే మేం ముందు వెతుకుతాం. ఏదో ఒకటి దొరికితే బాగుండుననే వెతుకుతాం. ఒక్కటీ దొరకలేదు."

"మరి ఇదేంటండీ?"

"దీన్ని అల్జీమర్స్ అంటారు. మెదడు లోపల కణాలు కొంచెం కొంచెంగా చచ్చిపోతూ వస్తాయి."

ఎలీసమ్మ ఆ పేరు పలకబోయి మానేసింది. "మా అమ్మాయి సత్తు గిన్నెలంటంది."

"నేనూ చదివాను. కొందరికి అనుమానం ఉంది. తేల్చినవాళ్ళు లేరు. సత్తు గిన్నె లేని ఇల్లు ఎక్కడుందమ్మా మనకి?"

"పురుగుమందు?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఒంటికి చెడుపే. దీనికి అదే కారణమని మాత్రం నేను చెప్పలేను. ఎందుకొస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు."

"మనిషి చేసుకున్నది కాదా?" అని అడిగింది ఎలీసమ్మ. ఆ గొంతు వింటే, కాదని చెప్పొద్దని బతిమాలుతున్నట్టుంది.

"కాదమ్మా. ఎవరూ చేసింది కాదు. ముందు ఇవాళ్టి సంగతులు పోతాయి, నిన్నటివి పోతాయి. తర్వాత పేర్లు పోతాయి."

"పేర్లా?"

"అవును."

"బయటివాళ్ళవా?"

"బయటివాళ్ళవీ, ఇంట్లోవాళ్ళవీ. దగ్గరా దూరమా అని చూడదు."

ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్రిస్మస్ దాటినప్పటినుంచీ పెంచుకుంటూ వచ్చిన కోపం, నిద్రపోకుండా కట్టుకున్న కథ, ఆయన చేసిన పాపమూ, తను పడ్డ అవమానమూ, అంతా ఒక్క మాటతో చేతుల్లోంచి జారిపోయింది. అలా జారిపోతుంటే మనిషికి తేలికవ్వాలి. ఆమెకు ఊపిరాడలేదు.

"మందు రాయండి" అంది.

"లేదమ్మా."

"మద్రాసులో?"

"మద్రాసులో తల ఫోటో తీస్తారు. తీసినా ఇదే చెప్తారు. నిద్రపట్టకపోతే బిళ్ళ రాస్తాను, మరుపుకు రాయలేను. నేను చెప్పగలిగింది ఇదే. వస్తువులు ఎక్కడివక్కడ ఉంచండి. రోజూ అదే వేళకి అన్నం, అదే వేళకి పడక. ఎదురు చెప్పొద్దు. నేనెవరో చెప్పు అని పరీక్షలు పెట్టొద్దు. ఒంటరిగా రోడ్డు మీదికి పంపొద్దు. ఎప్పుడూ కనబడే మనిషి కళ్ళముందు కనబడుతూ ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"ఏళ్ళు పట్టొచ్చమ్మా."

"తగ్గటానికా?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

 బయట ఇంకో రోగిని పిలిచారు. ఇమ్మానియేలు చెప్పులేసుకోవడానికి కదిలాడు. ఎలీసమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఆ రోగమే అయ్యుంటే సూది ఉండేదా అండీ?"

"ఏ రోగం?"

"అదే. మీరు పరీక్ష రాసింది."

"ఉండేదమ్మా. పెన్సిలిన్."

"తగ్గేదా?"

"కొంతైనా తగ్గేది. ముదరకుండా ఆగేది."

"అయితే అదే అయ్యుంటే బాగుండేదండీ" అంది ఎలీసమ్మ. "తిట్టుకుంటా, ఏడ్చుకుంటా ఆయనకి సూదులేయించేదాన్ని. ఊరు ఉమ్మేస్తే కడుక్కునేదాన్ని."

రెబ్కా చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆమె దాన్ని తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

*

బస్సులో ఇమ్మానియేలు ముందు సీట్లో కూర్చుని, దిగగానే పాస్టరు గారింటికి వెళ్ళి రిపోర్టు చూపిస్తానన్నాడు. నాన్న పరువు నిలబడిందన్నాడు. ఆడవాళ్ళిద్దరూ కిటికీ వైపు తిరిగారు. కిటికీ బయట కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు బస్సంతా దగ్గింది.

"ముందే చెప్పొచ్చుగా నువ్వు" అంది ఎలీసమ్మ.

"చెప్పనిచ్చారా?"

రెబ్కాయే మళ్ళీ అంది. "ఇంకో మాట కూడా చెప్పేస్తా అత్తయ్యా. నేనేం పుణ్యాత్మురాల్ని కాను. మీరు వెళ్ళిపోతే ఆయన్ని చూసుకోవాల్సింది నేను. డ్యూటీ మానుకుని, స్నానం దగ్గర్నుంచీ అన్నీ. అందుకే తాడు ఇవ్వలేదు. మీ మీద ప్రేమ కాదు."

"తెలుసులే" అంది ఎలీసమ్మ.

ఆ మాట ఆమెకు కోపం తెప్పించలేదు. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరైనా నిజం చెప్పారంటే ఇదొక్కటే. తనకూ చెప్పాల్సిన నిజం ఒకటుంది, కానీ అది కోడలితో చెప్పేది కాదు. పెట్టె సర్దుకుంటుంటే తనకు హాయిగా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరికీ గంజి కాచక్కర్లేని చోటికి పోతున్నానని లోపల ఒక చిన్న సంబరం. తప్పు చేసిన మొగుణ్ణి వదిలేసి పోతే లోకం ఒప్పుకుంటుంది, దేవుడూ ఒప్పుకుంటాడు. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి వదిలి ఎట్లా పోవడం? కోపం ఉన్నంతసేపూ ఆమెకు ఒక దారి ఉండేది. డాక్టరు ఆ దారి మూసేశాడు. పైగా అందరూ సంతోషించమంటున్నారు!

*

ఇంటికి చేరేసరికి పొద్దుగుంకుతోంది. సంతోషకుమారి ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పొద్దుటినుంచీ నన్ను టీచరమ్మా అంటున్నాడే అమ్మా. మా అమ్మాయి కూడా మీలాగే టీచరండీ అని నా గురించి నాకే చెప్పాడు." ముక్కు తుడుచుకుని పెట్టె వైపు చూసింది. తాడు బిగించి, ముడివేసి ఉంది. "నేనే కట్టాను. డాక్టరు ఏమన్నాడో నాకు అనవసరం. నువ్వు ఈ ఇంట్లో ఉంటే ఆయనకంటే ముందు నువ్వు పోతావు. ఒంగోలు బస్సు ఇంకా ఉంది. ప్రార్థన కాగానే బయల్దేరదాం."

ఎలీసమ్మ కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. వారం తర్వాత ప్రార్థన చాప మీద కూర్చుంది.

ఇమ్మానియేలు కీర్తన చదివాడు. మరియదాసు కళ్ళు మూసుకున్నాడు. ఆయన గొంతు ఏమాత్రం చెడలేదు. వానల కోసం అడిగాడు. ఊళ్ళో రోగుల కోసం, విధవరాళ్ళ కోసం అడిగాడు. ఒక్క మాట తడబడలేదు. ఆ గొంతు మాత్రమే వింటే ఈయనకు జబ్బేమిటి అంటారు ఎవరైనా.

"నా కుమారుడు ఇమ్మానియేలును, నా కుమార్తె సంతోషకుమారిని..."

పేరు రాలేదు. రాదని తెలిసే కూర్చుంది ఆమె. తెలిసినా నొప్పి నొప్పే. పరీక్షలు పెట్టొద్దన్నాడు డాక్టరు. ఆమె నోరు ఆగలేదు.

"ఎలీసమ్మ" అంది.

ఆ ఇంట్లో ప్రార్థన మధ్యలో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. రెబ్కా కళ్ళు తెరిచింది. సంతోషకుమారి తల్లి మోచెయ్యి పట్టుకుంది. మరియదాసు ఒక్క క్షణం ఆగి, కళ్ళు తెరవకుండానే అందుకున్నాడు.

"ఎలీసమ్మను కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా. ఆమె బాధలో ఆమెకు తోడుగా ఉండు. ఆమేన్."

"ఆమేన్" అన్నారంతా.

మరియదాసు కళ్ళు తెరిచి ఎలీసమ్మ వైపు తిరిగాడు. సంఘంలో కొత్తగా వచ్చిన వాళ్ళతో మాట్లాడే మర్యాదతో, కాస్త ముందుకు వంగి అడిగాడు.

"ఆ ఎలీసమ్మ గారికి ఒంట్లో బాగాలేదా అండీ?"

ఎలీసమ్మ తల ఊపింది.

"మీకేమవుతారు?"

"దగ్గర మనిషేనండీ."

"అయ్యో." ఆయన నిజంగానే బాధపడ్డాడు. "రోజూ ప్రార్థనలో పెడతాను లెండి ఆమె పేరు. నాకు ఈమధ్య మరుపు ఎక్కువైంది. మీరు పక్కనుండి గుర్తుచెయ్యాలి."

రోడ్డు మీద ఎక్కడో బస్సు హారను వినబడింది. సంతోషకుమారి లేచి పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆమె వెనకే మరియదాసు చూపు వసారాలోకి వెళ్ళి, తాడు బిగించిన పెట్టె మీద ఆగింది.

"పెట్టె మీదేనా?" అన్నాడు. "ఈ బస్సుకి వెళ్ళిపోతారా అండీ, ఉంటారా?"

ఆమె జవాబు కోసం సంతోషకుమారి పెట్టె తాడు పట్టుకుని వంగిన మనిషి వంగినట్టే ఆగింది. ఇమ్మానియేలు తల దించుకున్నాడు. రెబ్కా అత్తగారి మొహంలోకే చూస్తోంది.